‘వాలెడిక్టరీ’ అంటే వీడ్కోలేనా?

సందేహం: మా కాలేజీలో జాతీయ సదస్సు పెట్టాం. ఇంగ్లీషు ఆహ్వానపత్రంలో ‘వాలెడిక్టరీ ఫంక్షన్’ అని ఉంటే, తెలుగులో ‘వీడ్కోలు సభ’ అని రాశాను. ‘ఎవరు రిటైరవుతున్నారమ్మా?’ అన్నారు ప్రిన్సిపాల్ గారు. నాది తప్పేనా?
– ఒక అధ్యాపకురాలు, ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం

సమాధానం: అర్థం చూస్తే తప్పు కాదమ్మా, సందర్భానికే నప్పలేదు. లాటిన్‌లో ‘వాలే’ అంటే ‘క్షేమంగా ఉండు’ అని. రోమన్లు విడిపోయేటప్పుడూ, ఉత్తరం చివరా వాడిన మాట అది. దానికి ‘చెప్పడం’ అనే అర్థమున్న క్రియ చేరి వాలెడిక్షన్ అయింది.

అచ్చం ఇలాంటి మాట మనకూ ఉంది: స్వస్తి. సు, అస్తి కలిసిన పదం. ‘మేలు కలుగుగాక’ అని భావం. అయితే మనవాళ్లు స్వస్తితో మొదలూ పెడతారు. పాత శాసనాలు ‘స్వస్తిశ్రీ’ అని ఎత్తుకుంటాయి, ఇప్పటికీ ఎన్నో శుభలేఖల్లో మొదటి మాట అదే. ‘స్వస్తి చెప్పడం’ అనేసరికి మాత్రం అర్థం మారిపోయింది. ‘ఆయన సిగరెట్లకు స్వస్తి చెప్పాడు’ అంటే మానేశాడనే. నాకెంతో ఇష్టమైన మాటే అయినా, అందుకే దాన్ని సభకు పేరుగా పెట్టమనలేను.

ఇక వీడ్కోలు. వెళ్లేవారు వీడుకొంటారు, అంటే సెలవు పుచ్చుకుంటారు. ఉండేవారు వీడుకొలుపుతారు, అంటే సెలవిచ్చి పంపుతారు. మేలుకొను, మేలుకొలుపు లాంటి జంటే ఇదీ. నేడు ఈ తేడా చెరిగిపోయి ‘వీడ్కోలు పలికారు’ ఒక్కటే మిగిలింది. పోగొట్టుకోవలసిన తేడా కాదది. పెళ్లిలో ‘ఎదుర్కోలు’ ఇంకా బతికే ఉంది కదా, దాని పక్కన నిలిచే మాట వీడ్కోలు. రెండింటికీ మనిషి కావాలి, ఒకచోట వచ్చేవాడు, మరోచోట వెళ్లేవాడు. ఆ మాటకొస్తే వీడ్కోలుకు మనిషే కానక్కరలేదు, మనసు పెనవేసుకున్నది ఏదైనా సరే. మన ఆర్కే బీచిలో ఉన్న కురుసుర జలాంతర్గామి 31 ఏళ్లు పనిచేసి 2001లో నౌకాదళ సేవ నుంచి తప్పుకుంది. దానికి వీడ్కోలు పలికారంటే ఎంత నిండుగా ఉంటుందో చూడండి. సదస్సులో ముగిసేది కార్యక్రమం. దానికి ‘ముగింపు సభ’ చాలు. అచ్చులో కాస్త గంభీరంగా కావాలంటే ‘సమాపన సభ’ అనండి. అక్కడి ఉపన్యాసం ముగింపు ప్రసంగం. అదే మీ ప్రిన్సిపాల్ గారి ఉద్యోగ విరమణ రోజున ఆయన మాట్లాడితే వీడ్కోలు ప్రసంగం.

అమెరికా బడుల్లో ‘వాలెడిక్టోరియన్’ అన్నది వేరే సంగతి. సాధారణంగా ఆ ఏడాది చదువులో మొదటివాడుగా నిలిచి, పట్టాలిచ్చే రోజున వీడ్కోలు ప్రసంగం చేసే విద్యార్థి అతను. తెలుగు వార్తలో ‘వీడ్కోలు విద్యార్థి’ అని రాస్తే ఎవరికీ బోధపడదు. ‘ప్రథమ స్థానం పొంది వీడ్కోలు ప్రసంగం చేసిన విద్యార్థి’ అని విడమరచి రాయడమే మేలు.