సమాధానం: నేవిస్‌వర్క్స్‌లో మోడళ్లు ఎందుకు కలవడం లేదు

మీ బిమ్ (భవనాల డిజిటల్ మోడలింగ్) ల్యాబ్‌లో ఆర్కిటెక్చర్, స్ట్రక్చర్, ప్లంబింగ్ మోడళ్లు నేవిస్‌వర్క్స్‌లో (మోడళ్లన్నిటినీ కలిపి చూసే సాఫ్ట్‌వేర్) తలో చోట పడుతున్నాయన్నారు కదండీ. పొరపాటు మోడళ్లు గీసే రెవిట్‌లోనే జరిగింది. స్ట్రక్చర్, ప్లంబింగ్ చేసే పిల్లలు ఆర్కిటెక్చర్ ఫైల్‌ను తమ ఫైల్‌లోకి ‘సెంటర్ టు సెంటర్’తో (మధ్యబిందువులు కలిపే పద్ధతి) లింక్ చేసి ఉంటారు. అలా చేస్తే వాళ్ల ఫైల్ ఆరిజిన్ (కొలతలు మొదలయ్యే సున్నా బిందువు), ఆర్కిటెక్చర్ ఆరిజిన్ కలవవు.

మళ్లీ గీయించనక్కర్లేదు. స్ట్రక్చర్ ఫైల్ తెరిచి మేనేజ్ ట్యాబ్‌లో కోఆర్డినేట్స్, అందులో ‘అక్వైర్ కోఆర్డినేట్స్’ (లింక్ చేసిన ఫైల్ కోఆర్డినేట్లను తీసుకునే ఆదేశం) ఎంచుకుని ఆర్కిటెక్చర్ లింక్‌ మీద క్లిక్ చేయించండి. ప్లంబింగ్ ఫైల్‌కూ అంతే. ఎన్‌డబ్ల్యూసీ (నేవిస్‌వర్క్స్‌కు పంపే ఫైల్) ఎక్స్‌పోర్ట్ సెట్టింగ్స్‌లో కోఆర్డినేట్స్ ‘షేర్డ్’ (అన్ని ఫైళ్లకూ ఉమ్మడి) అని ఉండాలి. ఒక్కరు ‘ప్రాజెక్ట్ ఇంటర్నల్’ (ఆ ఫైల్ సొంతవి) పెట్టినా కథ మొదటికొస్తుంది.

క్లాష్ టెస్టుకు (భాగాలు ఒకదానికొకటి అడ్డొస్తున్నాయేమో చూసే పరీక్ష) ముందు ఎ-1 గ్రిడ్ మూల (ఎ, 1 గ్రిడ్ గీతలు కలిసే చోటు) మూడు మోడళ్లలోనూ ఒకేచోట ఉందో లేదో చూపించమనండి. దీనికి విడిగా మార్కులు పెడితేనే చూస్తారు! వచ్చే బ్యాచ్‌కి మొదటిరోజే ‘ఆరిజిన్ టు ఆరిజిన్’ (కొత్త వెర్షన్లలో ‘ఇంటర్నల్ ఆరిజిన్ టు ఇంటర్నల్ ఆరిజిన్’) లింక్, అది కదలకుండా పిన్, గ్రిడ్లకూ లెవెల్స్‌కూ కాపీ-మానిటర్ (కాపీ చేసుకుని మార్పులను గమనించే సాధనం) చేయించండి.