ఎంబసీ అక్కడే ఉండమంటోంది, అమ్మ వచ్చేయమంటోంది. ఎవరి మాట వినాలి?

మీ తమ్ముడు జపాన్‌లో చదువుతున్నాడు, భూకంపం వచ్చింది, అతనికీ అతనుంటున్న గదికీ ఏం కాలేదు. ఎంబసీ మాత్రం "స్థానిక అధికారులు చెప్పినట్టు నడుచుకోండి, జాగ్రత్తగా ఉండండి" అని రెండు ముక్కలు చెప్పి ఊరుకుందని మీకు కోపంగా ఉంది. ఇక్కడ దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మగారేమో అన్నం మానేసి "వాణ్ని వచ్చేయమను" అంటున్నారు. టికెట్ బుక్ చేయాలా వద్దా అని అడిగారు. ఇప్పటికైతే వద్దండీ. ఎందుకో చెప్పాలంటే నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి.

2015 ఏప్రిల్‌లో మా అమ్మానాన్న నేపాల్‌లోని పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్రకు వెళ్లారు. మల్కాజిగిరి నుంచి ముప్ఫై మందికి పైగా ఉన్న టూర్ బ్యాచ్. ముక్తినాథ్ చూసుకుని కాఠ్మాండూ తిరిగొచ్చిన మర్నాడు, 25వ తేదీ శనివారం, మన టైం 11:41కి అక్కడ 7.8 తీవ్రతతో భూమి కంపించింది. మా బావ ఫోన్ చేసి "టీవీ పెట్టు" అనేదాకా నాకు తెలియదు. నాన్న దగ్గరున్న నేపాల్ సిమ్‌కి ఎన్నిసార్లు చేసినా కలవలేదు. సాయంత్రం నాలుగింటికి ఒక మెసేజ్ వచ్చింది: "బాగున్నాం. హోటల్ పక్కన గ్రౌండ్‌లో ఉన్నాం." అంతే. కాల్స్ కలవనప్పుడు కూడా ఎస్సెమ్మెస్ ఎలాగోలా వెళ్తుందని ఆ రోజే తెలిసింది.

ఆ మెసేజ్‌తో ఊరుకోవాల్సింది. టూర్ మేనేజర్ చెప్పేదీ, ఎంబసీ చెప్పేదీ ఒకటే: ఖాళీ జాగాలో ఉండండి, పాత కట్టడాల దగ్గరికి పోకండి, ఊరికే తిరగకండి. నేను వింటేగా! వాట్సాప్‌లో "నాసా చెప్పిందట, రాత్రికి ఇంకా పెద్దది వస్తుందట" అని ఒకటే గోల. టీవీలో మన ఎయిర్‌ఫోర్స్ విమానాలు కాఠ్మాండూలో దిగుతున్నట్టు చూపిస్తున్నారు. ఆదివారం మధ్యాహ్నం 6.7 తీవ్రతతో మళ్లీ ఊగింది. దాంతో నా టెన్షన్ నెత్తికెక్కింది. ఫోన్ కలవగానే నాన్నను కసిరాను. "అందరూ ఎయిర్‌పోర్టుకు పోతుంటే మీరు ఆ గ్రౌండ్‌లో కూర్చుని ఏం చేస్తున్నారు? బయల్దేరండి ముందు" అన్నాను. మేనేజర్ వద్దన్నాడట. కొడుకు మాట కాదనలేక నాన్న టాక్సీ మాట్లాడుకున్నాడు. టాక్సీ వాడు అడిగినంతా ఇచ్చి, అమ్మను తీసుకుని, చేతిసంచితో వెళ్లిపోయాడు.

త్రిభువన్ ఎయిర్‌పోర్టుకు ఉన్నది ఒక్కటే రన్‌వే. సహాయం తెచ్చే విమానాలూ, జనాన్ని తీసుకెళ్లేవీ అన్నీ దాని మీదే దిగాలి. బయట వేలమంది. ఆ రాత్రి వాన. అమ్మానాన్న ఒక ప్లాస్టిక్ పట్టా కింద, ముక్కూమొహం తెలియనివాళ్లతో కలిసి కూర్చున్నారు. నాన్న ఫోన్ చార్జింగ్ అయిపోయింది. ఆదివారం రాత్రి నుంచి మంగళవారం మధ్యాహ్నం దాకా మాకు వాళ్ల జాడ లేదు. అమ్మ షుగర్ మాత్రలు పెద్ద సూట్‌కేసులో ఉండిపోయాయి, ఆ సూట్‌కేసేమో బ్యాచ్ దగ్గరుంది. క్యూలో ఉన్న ఒక మరాఠీ ఆవిడ తన మాత్రల్లోంచి నాలుగు కత్తిరించి ఇచ్చిందట. ఇక్కడ అసలు విషయం ఏమిటంటే, ఆ బ్యాచ్ సోమవారం పొద్దున బస్సులో సునౌలి వైపు బయల్దేరి, సరిహద్దు దాటి, గోరఖ్‌పూర్‌లో రైలెక్కి, మా వాళ్లకంటే ఒకరోజు ముందే సికింద్రాబాద్‌లో దిగింది. మా అమ్మ సూట్‌కేసు కూడా వాళ్లతోపాటే దిగింది. మావాళ్లు ఎయిర్‌ఫోర్స్ విమానంలో ఢిల్లీ చేరింది బుధవారం.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మీరు చప్పగా ఉందనుకుంటున్న ఆ "స్థానిక అధికారులు చెప్పినట్టు" అన్న వాక్యమే మొత్తం సలహాలో బరువైనది. అక్కడి రోడ్డు తెగిందా, బిల్డింగ్ నిలుస్తుందా, నీళ్లు ఎక్కడిస్తారు అన్నవి ఎంబసీకి కూడా అక్కడివాళ్లు చెబితేనే తెలుస్తాయి. జపాన్‌లో పెద్ద కంపనం వచ్చాక అక్కడి వాతావరణ సంస్థ వారం రోజులు అంతే స్థాయిలో మళ్లీ రావచ్చని హెచ్చరిస్తుంది. అది విని మీ అమ్మగారు మరీ కంగారుపడతారు, కానీ ప్రతిసారీ అలాగే చెబుతారు. ఆ వారం రోజులు రైళ్లు, హైవేలు పట్టుకుని ఊళ్లు దాటడం కంటే గట్టి బిల్డింగ్‌లో, బూట్లు మంచం పక్కన పెట్టుకుని పడుకోవడమే మేలు.

ఇంకో సంగతి. ఎంబసీ సలహాలు ఇంకా వస్తే, ఏ వాక్యం ఎవరికో విడదీసి చదవండి. "అత్యవసరం కాని ప్రయాణాలు మానుకోండి" అన్నది ఇక్కణ్ణుంచి వెళ్లబోయేవాళ్లకు. ఇప్పటికే అక్కడున్నవాణ్ని వచ్చేయమని కాదు. రమ్మనాల్సి వస్తే ఎంబసీ మొహమాటపడదు. 2022 మార్చి 2న ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఉన్న మన పిల్లలకు చెప్పింది గుర్తుందా? వెంటనే ఊరు వదలండి, బస్సు, రైలు దొరక్కపోతే నడిచైనా సరే, సాయంత్రం ఆరులోగా ఫలానా మూడు ఊళ్లకు చేరండి అని ఊళ్ల పేర్లతో సహా చెప్పింది. అది యుద్ధం, ఇది భూకంపం, నిజమే. కానీ "జాగ్రత్తగా ఉండండి"కీ "కదలండి"కీ మధ్య తేడా మాత్రం అంత స్పష్టంగా ఉంటుంది. అలా కదలమన్న రోజున మాత్రం పరీక్షలు, ఫీజులు, అటెండెన్సు అని ఒక్క గంట కూడా ఆగొద్దు.

అన్ని దేశాలూ ఒకే మాట చెప్పవు, అది కూడా ఒప్పుకోవాలి. 2011లో ఫుకుషిమా అణువిద్యుత్ కేంద్రం ప్రమాదం అప్పుడు జపాన్ 20 కిలోమీటర్ల లోపలివాళ్లను ఖాళీ చేయిస్తే, అమెరికా తనవాళ్లను 80 కిలోమీటర్ల అవతలికి పొమ్మంది. అందుకని మీ తమ్ముడి రూమ్మేట్ ఏ దేశం వాడో, వాడి ఎంబసీ ఏమందో అని పోల్చుకుంటూ కూర్చోకండి. మన ఎంబసీ మాటా, అతనున్న ఊరి మునిసిపల్ ఆఫీసు మాటా, యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసు మాటా చాలు. ఆ ఏడాది టోక్యో వదిలి పరుగెత్తిన విదేశీయులకు అక్కడ "ఫ్లైజిన్" (ఇంగ్లీషు "ఫ్లై"కి విదేశీయుడు అనే అర్థమున్న "గైజిన్" అతికించి) అని పేరు పెట్టి ఎగతాళి చేశారు. ఎగతాళి సంగతి పక్కన పెట్టండి. వాళ్లలో కొందరు మళ్లీ జపాన్‌లోకి రావడానికి కావాల్సిన రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోకుండా విమానమెక్కి తర్వాత ఇబ్బందిపడ్డారు. ఇప్పుడు పద్ధతి తేలికే. ఏడాదిలోపు తిరిగొచ్చేవాళ్లు ఎయిర్‌పోర్టులో కార్డు మీద ఒక గడిలో టిక్ పెడితే సరిపోతుంది. ఆ టిక్ మర్చిపోతే మాత్రం వీసా పోయినట్టే. రేపు నిజంగా రావాల్సి వస్తే మీ తమ్ముడికి ఈ ఒక్కటి గట్టిగా చెప్పండి.

ఇక మీరిక్కడ చేయాల్సిన పని. అప్పట్లో అమ్మానాన్న జాడ కోసం నేను ఢిల్లీలోని విదేశాంగ శాఖ కంట్రోల్ రూమ్‌కి ఫోన్ చేసినప్పుడు వాళ్లడిగిన మొదటి మూడు ప్రశ్నలకే నోరు వెళ్లబెట్టాను. ఐడీ కార్డులో ఉన్నట్టుగా పేరేమిటి, దాని నంబరెంత, చివరిసారి ఏ హోటల్లో ఉన్నారు? "కాఠ్మాండూలో అండీ" అన్నాను. హోటల్ పేరున్న యాత్ర కరపత్రం మా వంటింట్లో టీటీడీ క్యాలెండర్ వెనక దోపి ఉంది. అది రెండు రోజుల తర్వాత దొరికింది. ఈలోగా బాబాయి ఒకసారి, బావ ఒకసారి, నేనొకసారి ఫోన్ చేసి అమ్మ పేరు మూడు రకాలుగా రాయించాం. ఇంటిపేరుతో ఒకటి, లేకుండా ఒకటి, తప్పు స్పెల్లింగ్‌తో ఇంకొకటి. ఆవిడ ఇంటికొచ్చి కాఫీ తాగుతుంటే "ఫలానా ఆవిడ దొరికారా" అని ఫోన్ వచ్చింది. మీ ఇంట్లో ఒక్కరే మాట్లాడాలి. పాస్‌పోర్టులో ఉన్న పేరు, నంబరు, రెసిడెన్స్ కార్డు ఫొటో, గది చిరునామా జపనీస్‌లోనూ మనకర్థమయ్యేలానూ, విపత్తులో షెల్టర్‌గా వాడే దగ్గర్లోని స్కూలు పేరు, ఒక స్నేహితుడి నంబరు: ఇవన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. అతను ఎంబసీలో ఇంతవరకూ రిజిస్టర్ చేసుకోకపోతే ఇవాళే చేయించండి. విదేశాల్లో ఉన్న మనవాళ్ల సమస్యలు చూసే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కూడా.

మామూలు కాల్స్ కలవకపోతే జపాన్‌లో 171 అనే నంబరు ఉంది, అందులో అతను తన క్షేమసమాచారం రికార్డు చేయొచ్చు. దానికే వెబ్‌లో ఉండే వెర్షన్‌ను మీరు హైదరాబాద్ నుంచి కూడా చూడొచ్చు, అతని జపాన్ నంబరు తెలిస్తే చాలు.

రోజుకు రెండుసార్లు, టైం పెట్టుకుని మాట్లాడండి. మధ్యలో గంటకోసారి చేసి అతని బ్యాటరీ తినేయకండి. జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. సీరియల్ అయిపోయాక తొమ్మిదిన్నరకు అమ్మగారు ఫోన్ అందుకుంటే అక్కడ రాత్రి ఒంటిగంట. ఆ టైంకి ఆవిడ ఫోన్ మీ దగ్గర పెట్టుకోండి, పొద్దున ఏడింటికి చేతికివ్వండి. అప్పటికి అతను లేచి, టిఫిన్ చేసి, మాట్లాడే ఓపికతో ఉంటాడు.