మూడు ఇష్టాలు, ఒక్క పీహెచ్‌డీ

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లెటూరు. బీఎస్సీ అగ్రికల్చర్ నాలుగో ఏడాదిలో ఉన్నాను. సుస్థిర వ్యవసాయం, ఆరోగ్య విధానాల్లో నైతిక ప్రశ్నలు రెండూ మొదటినుంచీ ఇష్టం. 2020 వ్యవసాయ చట్టాల మీద జరిగిన చర్చ చదివాక కేంద్ర, రాష్ట్రాల అధికారాల మీద కూడా ఆసక్తి పెరిగింది. పరిశోధన వైపు వెళ్లాలని ఉంది. అన్నీ కావాలంటే ఏదీ రాదని సీనియర్లు అంటున్నారు. నాన్న ఏమో ఏఓ (వ్యవసాయాధికారి) పోస్టుకో, బ్యాంకు ఏఎఫ్‌ఓ (అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్) పోస్టుకో ప్రిపేర్ అవమంటున్నారు. వీటిలో ఏది వదులుకోవాలి?

జవాబు: ఏదీ వదులుకోనక్కర్లేదమ్మా. కాకపోతే మూడు సబ్జెక్టుల మీద పీహెచ్‌డీ చేస్తానంటే ఏ గైడూ ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే సబబు. మూడూ ఒకదాన్నొకటి తాకే సమస్య ఒకటి పట్టుకోండి. మీ సీనియర్లు సబ్జెక్టుల లెక్క చూస్తున్నారు గాని, పరిశోధన మొదలయ్యేది ప్రశ్నతో.

మీకు బాగా తెలిసిన సంగతే చెబుతాను, పారాక్వాట్. మీ సిలబస్‌లో అది కలుపు మందు. యూరోపియన్ యూనియన్‌లో 2007 నుంచి దాన్ని వాడనివ్వడం లేదు. దాని విషానికి విరుగుడు లేదు, కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఇలాంటి మందును మన దగ్గర ఎవరు ఆపాలి? వ్యవసాయం రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో రాష్ట్ర జాబితాలో ఉంది, 14వ అంశం. ప్రజారోగ్యం, ఆసుపత్రులు కూడా రాష్ట్ర జాబితావే, 6వ అంశం. కానీ కలుపు మందులతో సహా పురుగు మందుల రిజిస్ట్రేషన్ 1968 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ చట్టం కింద కేంద్రం చేతిలో ఉంది. దుకాణానికి లైసెన్సు ఇచ్చేది రాష్ట్ర అధికారి. శాంపిల్ తీసేది మన మండల ఏఓ గారు. మందు ఒంట్లోకి పోయినవాళ్లను చేర్చుకునేది రాష్ట్ర ప్రభుత్వ ఆసుపత్రి. అదే చట్టం 27వ సెక్షన్ ప్రకారం మందు ప్రమాదకరమని అనుమానం వచ్చినప్పుడు రాష్ట్రం అమ్మకం ఆపగలిగేది 60 రోజులు, విచారణ పూర్తికాకపోతే ఇంకో 30 రోజులు. అంతకు మించి నిషేధించే అధికారం రాష్ట్రానికి లేదు. 2018లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ గ్లైఫోసేట్ అనే కలుపు మందు అమ్మకాల మీద ఆంక్షలు పెట్టాయి. ఆ ఉత్తర్వులు తెప్పించుకుని ఏ అధికారం కింద ఇచ్చారో, ఎంతకాలం నిలిచాయో, దుకాణాల్లో ఏం మారిందో చూడండి. ఒక అధ్యాయానికి సరిపడా సరుకు అందులోనే దొరుకుతుంది.

నైతిక ప్రశ్న ఇందులోనే ఉంది. డబ్బా మీద త్రికోణం రంగుల సంగతి మీకు తెలుసు. ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ. ఏ మందు కొట్టాలో చెప్పేది డీలరు, కొనేది రైతు, ట్యాంకు వీపుకి తగిలించుకునేది రోజు కూలీకి వచ్చిన మనిషి. ఆ రంగుకి అర్థం ఏమిటో ఆ మనిషికి ఎవరైనా చెప్పారా? చెబితే కాదనే వీలుందా, కాదంటే ఆ రోజు కూలీ ఏమవుతుంది? ప్రమాదం ఒకరిది, నిర్ణయం ఇంకొకరిది అయినప్పుడు ప్రభుత్వ బాధ్యత ఎంతవరకు అన్నదే హెల్త్ పాలసీ ఎథిక్స్‌లో అసలు ప్రశ్న. దాన్ని పుస్తకాల్లో వెతికే ముందు మీ ఊళ్లో స్ప్రేయింగ్‌కి వెళ్లే నలుగురితో కూర్చుని మాట్లాడండి.

మూడూ కలిసిన పాత ఉదాహరణ కావాలంటే కేరళ కాసర్‌గోడ్‌లో ఎండోసల్ఫాన్ అనే పురుగు మందు కథ చదవండి. మీది జీడి తోటల ప్రాంతం కాబట్టి ఇంకా దగ్గరగా అర్థమవుతుంది. అక్కడ కేరళ ప్రభుత్వ ప్లాంటేషన్ కార్పొరేషనే జీడి తోటల మీద హెలికాప్టర్‌తో ఏళ్ల తరబడి మందు చల్లించింది. మందుకు రిజిస్ట్రేషన్ కేంద్రానిది. 2011 మేలో సుప్రీంకోర్టు దేశమంతటా ఆపమంది. 2017 జనవరిలో, బాధితులకు తలా 5 లక్షలు మూడు నెలల్లో ఇవ్వమని కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. అనుమతి ఒకరిది, చల్లింది ఇంకొకరు, బాధ భరించింది ఊళ్లు. మీ పక్కనే ఉన్న ఉద్దానం కిడ్నీ జబ్బుల సంగతి నేను కావాలనే మొదట ఎత్తలేదు. కారణం తేలని జబ్బు మీద పీహెచ్‌డీ అంటే నెఫ్రాలజీ (కిడ్నీ వైద్యం), నీళ్ల పరీక్షలు, ఎండ దెబ్బ అన్నీ వచ్చిపడతాయి, ఒంటరిగా మోయలేరు. కానీ పరీక్షల కోసం రక్తం ఇచ్చినవాళ్లకు ఫలితం తిరిగి చెప్పాల్సిన బాధ్యత ఎవరిది అన్న చిన్న ప్రశ్న తీసుకుంటే అది మీరు చేయగలిగిన పనే.

ఇక ఏ సబ్జెక్టు మీ పరిశోధనకు పుట్టిల్లు కావాలన్నది తేల్చాలి. ఎమ్మెస్సీ అగ్రికల్చరల్ ఎకనామిక్స్ గానీ ఎక్స్‌టెన్షన్ (సాగు విజ్ఞానాన్ని రైతులకు చేరవేసే సబ్జెక్టు) గానీ సహజంగా తోచే దారి. వ్యవసాయ యూనివర్సిటీలో పాఠాలు చెప్పాలని ఉంటే అదే తీసుకోండి, మరో ఆలోచన వద్దు. మీకు మాత్రం నా ఓటు ఎంపీహెచ్‌కి, అంటే పబ్లిక్ హెల్త్ పీజీకి. నాలుగేళ్లు వ్యవసాయం చదివారు, అది ఎక్కడికీ పోదు. జబ్బుల లెక్కలు ఎలా కట్టాలి, ఒక విధానం వల్ల ఎవరికి మేలో ఎవరికి కీడో ఎలా తూచాలి అన్నది మీ దగ్గర లేదు. పీజీలో సంపాదించాల్సింది అదే. పబ్లిక్ హెల్త్‌లోకి డాక్టర్లు చాలామంది వస్తారు. పొలంలో మందు ఎలా కలుపుతారో, ఎండలో ముక్కుకి గుడ్డ ఎందుకు కట్టుకోరో తెలిసి వచ్చేవాళ్లు అరుదు. ఆ అరుదైన మనిషి మీరు కావచ్చు.

ముంబయి టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, త్రివేండ్రంలో శ్రీచిత్ర సంస్థకు చెందిన అచ్యుత మీనన్ సెంటర్, ఈ మూడింటి ఎంపీహెచ్ నోటిఫికేషన్లూ తప్పకుండా చూడండి. డాక్టర్లే చేరాలన్న నియమం అన్నిచోట్లా ఉండదు. అర్హతల పేరాలో అగ్రికల్చర్ డిగ్రీ సంగతి చూసుకుని ఫీజు కట్టండి. పీహెచ్‌డీకి వీటితోపాటు జేఎన్‌యూలో సోషల్ మెడిసిన్ సెంటర్ ఉంది. ఫెడరలిజం, అంటే కేంద్ర, రాష్ట్రాల అధికారాల వైపే ఎక్కువ లాగుతుంటే బెంగళూరు నేషనల్ లా స్కూల్‌లో పబ్లిక్ పాలసీ మాస్టర్స్ ఉంది.

పీజీలో చేరకముందే, యూనివర్సిటీలో పాఠాలు చెప్పే అర్హత కోసం రాసే నెట్ పరీక్షలో మీ పేపరు ఏదో చూసుకోవాలి. ఇది చాలామంది ఆలస్యంగా కనుక్కుంటారు. యూజీసీ నెట్‌లో సోషల్ మెడిసిన్ అండ్ కమ్యూనిటీ హెల్త్ అనే సబ్జెక్టు ఉంది, పొలిటికల్ సైన్స్ ఉంది. అందులో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000, ఇంటి అద్దె భత్యం అదనం. అగ్రికల్చర్ సబ్జెక్టులకు నెట్ పెట్టేది ఏఎస్‌ఆర్‌బీ (వ్యవసాయ శాస్త్రవేత్తల నియామక మండలి). అది పాసైతే అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత వస్తుంది గాని ఫెలోషిప్ రాదు. ఫెలోషిప్ కోసం ఐకార్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పెట్టే పరీక్ష వేరే ఉంది. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే నేరుగా పీహెచ్‌డీకి అప్లై చేయొచ్చని మీకెవరైనా చెప్పి ఉంటారు. నిజమే, కానీ మీరు సబ్జెక్టు మారుతున్నారు, పీజీ లేకుండా దూకితే మొదటి రెండేళ్లూ తడబాటులోనే పోతాయి.

మనుషులను కలిసి చేసే ఏ పరిశోధనకైనా సంస్థ ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలి. దాన్ని సంతకాల తంతుగా చూడకండి, మీ సబ్జెక్టే అది. 2009లో ఖమ్మం జిల్లాలో గిరిజన ఆడపిల్లలకు హెచ్‌పీవీ (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే) టీకాలు వేశారు. హాస్టల్ పిల్లల అనుమతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారని తర్వాత విచారణలో బయటపడింది. 2010లో ఆ కార్యక్రమం ఆపేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం దాని మీద కటువైన నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 నైతిక మార్గదర్శకాలు పక్కపక్కన పెట్టుకుని చదవండి. మీరు రేపు కూలీల దగ్గర వేలిముద్ర తీసుకునేటప్పుడు ఏం చెప్పాలో, ఏ భాషలో చెప్పాలో, వద్దంటే ఎలా వెనక్కి తగ్గాలో వాటిలోనే తెలుస్తుంది. ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ ఎథిక్స్ ఉచితంగా చదువుకోవచ్చు, నెలకు రెండు వ్యాసాలు చదివినా చాలు.

డబ్బు కడితే వారంలో పేపరు వేస్తామనే జర్నళ్ల మెయిళ్లు మీకూ వస్తాయి. జవాబివ్వకండి. 2025 ఫిబ్రవరిలో యూజీసీ మంచి జర్నళ్ల పేర్లుండే తన కేర్ జాబితా ఎత్తేసింది కాబట్టి, ఏది మంచి జర్నలో గైడునడిగి తెలుసుకోవడం ఇప్పుడు ఇంకా ముఖ్యం.

నాన్నగారి మాట కొట్టిపారేయకండి. పీజీ, పీహెచ్‌డీ కలిపి ఏడెనిమిదేళ్లు, ఆ తర్వాత యూనివర్సిటీ పోస్టులు సాఫీగా పడతాయని నేను హామీ ఇవ్వలేను. పరిశోధన ప్రాజెక్టులు, ఆరోగ్య శాఖ విభాగాలు, స్వచ్ఛంద సంస్థలు పని ఇస్తాయి, కానీ వాటిలో చాలావరకు కాంట్రాక్టువే. ఇంట్లో అప్పు ఉంటే, తమ్ముళ్ల చదువు మీ మీద ఉంటే ముందు ఏఓ పరీక్ష రాయండి. అందులో ఓడిపోయిందేమీ లేదు. ఏఓగా రెండేళ్లు చేస్తే ఇన్‌సెక్టిసైడ్ ఇన్‌స్పెక్టర్‌గా శాంపిల్ ఎలా తీస్తారో, ల్యాబ్ రిపోర్టు ఎన్నాళ్లకు వస్తుందో, ఈలోగా ఆ సరుకు ఏమవుతుందో మీ చేతుల మీదుగానే తెలుస్తుంది. శాఖ నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేయడానికి 2022 నిబంధనలు ఒప్పుకుంటాయి. ఇల్లు గడవడానికి ఇబ్బంది లేకపోతే మాత్రం ఈ ఏడాదే ఎంపీహెచ్ ప్రవేశ పరీక్షలు రాయండి, ఏఓ నోటిఫికేషన్ వచ్చినప్పుడు అదీ రాయొచ్చు. దానికి అడిగేది బీఎస్సీ అగ్రికల్చరే కాబట్టి ఎంపీహెచ్ చేసినంత మాత్రాన అర్హత పోదు.

పరీక్షలు అయ్యాక మీ మండలంలో నాలుగైదు మందుల దుకాణాలు తిరిగి, కలుపు మందుల్లో ఏమేం అమ్ముతున్నారో, కొనేవాళ్లకు ఏం చెబుతున్నారో రెండు పేజీలు రాసి పెట్టుకోండి. ఇంటర్వ్యూలో ఏ విషయం మీద పరిశోధన చేస్తావని అడిగితే ఆ రెండు పేజీలు వాళ్ల ముందు పెట్టండి.