మీ ఆయన్ని ఎడిటర్‌ని చెయ్యకు

చెల్లీ,

నీ ఉత్తరం చదివాను. రోజూ రాత్రి రాసిన పేజీలు మీ ఆయనకి చూపిస్తున్నావు, ఆయన బాగుంది అంటే ఊరికే అంటున్నాడని కోపం, ఇక్కడేదో తేడాగా ఉంది అంటే ఇక మర్నాటిదాకా మాటల్లేవు, పుస్తకం అయ్యేలోపు మా సంసారం ఏమవుతుందో అని రాశావు కదా. ముందు ఆ చూపించడం ఆపెయ్. డ్రాఫ్ట్ అయ్యేదాకా ఆయన ఒక్క పేజీ కూడా చదవక్కర్లేదు. ఆయనకి తెలీదని కాదు, నీ మొహం చూస్తూ నిజం చెప్పడం ఆయనకి కష్టం, ఆయన చెప్పిన మాటని ఎవరో పాఠకుడి మాటలా తీసుకోవడం నీకు కష్టం. మొత్తం అయ్యాక ఇవ్వు, ఎలా ఉంది అని మాత్రం అడక్కు, ఎక్కడ బోర్ కొట్టింది, ఎక్కడ అర్థంకాక వెనక్కెళ్ళి చదవాల్సొచ్చింది, అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమను చాలు. అసలైన విమర్శ మాత్రం, నీలా రాసేవాళ్ళ దగ్గర తీసుకో.

ఆయన నుంచి నీకు కావాల్సింది టైమ్. అది కూడా "నాకు సపోర్ట్ చెయ్యట్లేదు" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు, ఇన్నింటి నుంచి ఇన్నింటిదాకా రాసుకుంటాను, అప్పుడు పిల్లాడు ఏడ్చినా బెల్ మోగినా మా అమ్మ ఫోన్ చేసినా నువ్వే చూసుకో అని విడమర్చి చెప్పాలి. తలుపు తీసి పిల్లాడి డ్రెస్ ఎక్కడుంది అని అడిగాడంటే ఆ పూట రాత పోయినట్టే, ఈ సంగతి రాయని వాళ్ళకి చెప్తే తప్ప తెలీదు, వాళ్ళ తప్పేం లేదు. ఆయనకీ అలాంటి టైమ్ కావాలి, అదీ అడిగి ఇవ్వు.

అమెరికాలో హారర్ నవలలు రాసే స్టీఫెన్ కింగ్‌ది మొదట అచ్చయిన నవల 'క్యారీ', 1974లో వచ్చింది. మొదట్లో రాసిన పేజీలు ఆయన చెత్తబుట్టలో పడేస్తే భార్య టబితా తీసి చదివి, తర్వాతేమవుతుందో తెలుసుకోవాలనుంది, రాయి అంది. అందరూ ఇంతవరకే చెప్తారు. కానీ ఆయన ఆగిపోవడానికి ఒక కారణం టీనేజ్ ఆడపిల్లల లోకం తనకి తెలీకపోవడం, దాంట్లో నేను సాయం చేస్తానంది ఆవిడ. నాకు ఇదే గొప్పగా అనిపిస్తుంది, ఊరికే ధైర్యం చెప్పడం కాదు, ఎక్కడ ఆగిందో చూసి అక్కడ చెయ్యి వెయ్యడం.

పబ్లిషింగ్ దగ్గరికొచ్చాక మీ ఆయన ఇంకా బాగా పనికొస్తాడు. రష్యన్ నవలా రచయిత దస్తయేవ్‌స్కీ భార్య అన్నా 1866లో ఆయన నవల డిక్టేట్ చేస్తుంటే షార్ట్‌హ్యాండ్‌లో రాసుకోడానికి వచ్చిన అమ్మాయి, మరుసటి ఏడు పెళ్ళయింది. 1873లో వాళ్ళే సొంతంగా ఆయన ఇంకో నవల అచ్చేసుకున్నప్పుడు కాగితం రేటు, ప్రెస్ ఖర్చు, పుస్తకాల షాపుల వాళ్ళకిచ్చే కమీషన్ అన్నీ కనుక్కుని ఇంటి నుంచే అమ్మింది. ఇలాంటి కథల్లో ఎప్పుడూ భార్యలే ఉంటారు చూడు, అందుకే మొగుడితో ఇవి చేయించుకోడానికి నువ్వు మొహమాటపడుతున్నావు. వద్దు. కాంట్రాక్ట్ ఆయన్ని చదవమను, హక్కులు ఎన్నేళ్ళకి ఇస్తున్నావు, మళ్ళీ నీకు ఎప్పుడొస్తాయి, అనువాదం ఆడియో అందులో ఉన్నాయా, రాయల్టీ (అమ్మిన కాపీల మీద నీకొచ్చే వాటా) లెక్క ఎప్పుడు చెప్తారు, నీ దగ్గరే డబ్బు అడుగుతున్నారా. ప్రూఫులప్పుడు, అంటే అచ్చుకి ముందు దిద్దమని పేజీలు పంపినప్పుడు, నువ్వు రాసిన ఒరిజినల్ ఆయన పైకి చదవాలి, కామాలతో సహా, నువ్వు ప్రూఫ్ చూస్తూ దిద్దాలి. నీ వాక్యాలు నీకు కంఠతా వచ్చేసుంటాయి కాబట్టి ఒక్కదానివే కూర్చుంటే తప్పు కళ్ళెదురుగా ఉన్నా దొరకదు.

పుస్తకం వచ్చాక కొన్నాళ్ళు ఎవరూ ఏమీ అనరు, మొదటి పుస్తకానికి చాలామందికి ఇంతే. అప్పుడు ఆయన పాపం నీ బాధ చూడలేక ఆఫీసు వాళ్ళకీ చుట్టాలకీ చదివారా చదివారా అని మెసేజ్‌లు పెడతాడు, నీకు తల కొట్టేసినట్టవుతుంది. ఎవరికి చెప్పాలో ఎవరికి వద్దో ముందే అనుకోండి, ఎన్ని కాపీలు పోయాయని రోజూ అడగొద్దని కూడా చెప్పు.

ఇంకొకటి, నువ్వు రాయలేదు కానీ నాకు అనుమానం. ఆ మూడో చాప్టర్‌లో భర్త కొంచెం మీ ఆయనే కదా? అలాగైతే డ్రాఫ్ట్ అంతా అయ్యేదాకా ఆపమన్నది ఆ చాప్టర్‌కి వర్తించదు. అచ్చులో చూసి తెలుసుకోకూడదు ఆయన. ఈ వారమే ఇచ్చి చదివించు, బాధపడితే కూర్చుని విను, మార్చాలా వద్దా అన్నది తర్వాత నువ్వే తేల్చుకో. ఏమన్నాడో నాకు రాయి, కాంట్రాక్ట్ కాపీ కూడా పంపు, చూస్తాను.

మీ అక్క