ఉద్యోగం మానకుండా ఎంబీఏ చదవడం మేలా?

సోదరికి,

రేణిగుంట దగ్గర ఒక ప్రైవేటు కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఆరేళ్లుగా పనిచేస్తున్నారని, బీకాంతో ఇక పదోన్నతి రాదని మేనేజరు చెప్పారని, ఉద్యోగం మానేసి రెండేళ్లు రెగ్యులర్‌గా ఎంబీఏ చదవమని మీ భర్త, జీతం వదులుకోవద్దని అత్తగారు అంటున్నారని రాశారు. పరీక్షలకు వస్తే చాలు, హాజరు సంగతి తాము చూసుకుంటామని ఒక కళాశాలవారు అన్న మాట కూడా దాచకుండా చెప్పారు. ఇంటి అప్పు వాయిదాలున్నాయి, బాబుకు నాలుగేళ్లు.

ముందుగా ఆ కళాశాల మాటను మనసులోంచి తీసేయండి. రెగ్యులర్ కోర్సుకు సాధారణంగా 75 శాతం హాజరు ఉండాలి. ఆ రెండేళ్లూ మీరు తరగతిలో ఉన్నారని పట్టా, అదే కాలంలో ఆఫీసులో ఉన్నారని పీఎఫ్ ఖాతా చెబుతాయి. రేపు మరో కంపెనీ మీ కాగితాలు పరిశీలించినప్పుడు జవాబు చెప్పుకోవలసింది మీరే గాని కళాశాలవారు కాదు. లెక్కల్లో నిజాయితీయే పెట్టుబడిగా ఉన్న వృత్తి మీది.

ఇక రెగ్యులర్ చదువు. అప్పుడే డిగ్రీ ముగించినవారికీ, పని మార్చుకోదలచినవారికీ క్యాంపస్ నియామకాలు, ఇంటర్న్‌షిప్ నిజంగా అక్కరకొస్తాయి. మీరు మాత్రం ఉన్న వృత్తిలోనే పైకి వెళ్లాలనుకుంటున్నారు, అందుకు మీ ఆరేళ్ల అనుభవమే పెద్ద బలం. మీ భర్తది మంచి మనసు, ఆ మాట ఆయనతో తప్పక అనండి. అయితే విద్యా రుణం వాయిదాలు సాధారణంగా చదువు ముగిసిన ఏడాది వరకు ఆగుతాయేమో గాని, ఇంటి అప్పు వాయిదా నెలనెలా కట్టవలసిందే. అందువల్ల ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో చదవడమే మీకు తగినదని నా అభిప్రాయం.

గుర్తింపు ఉన్న సంస్థల దూరవిద్య, ఆన్‌లైన్ డిగ్రీలు రెగ్యులర్ డిగ్రీలతో సమానమని విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. ఫీజు కట్టేముందు ఆ సంస్థకూ, ఆ కోర్సుకూ ఆ ఏడాదికి అనుమతి ఉందో లేదో యూజీసీ దూరవిద్యా విభాగం జాబితాలో మీరే స్వయంగా చూసుకోండి. ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో)లో ఎంబీఏను తక్కువలో తక్కువ రెండేళ్లలో, లేదా నాలుగేళ్ల వరకు సాగదీసి పూర్తి చేయవచ్చు. పరీక్షలు జూన్, డిసెంబరు నెలల్లో ఉంటాయి. మార్చి, ఏప్రిల్‌లలో సంవత్సరాంతపు లెక్కలతో మీకు తీరిక దొరకదు కాబట్టి జూలైలో చేరితే మొదటి సెమిస్టరు ఆ ఒత్తిడి తగలకుండా గడుస్తుంది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది మీ ఇంటి వేళలు. ఆఫీసు నుంచి వచ్చాక వంట, బాబు పని ముగిసి పదింటికి పుస్తకం తెరిచే చదువు ఎక్కువ కాలం నిలవదు. పైగా తిరుపతిలో కాపురమంటే కొండకు వచ్చే బంధువులందరికీ మన ఇల్లే విడిది, వారి మర్యాదలు ఇంటి కోడలి మీదే పడతాయి. చేరకముందే భర్తను, అత్తగారిని కూర్చోబెట్టి, వారంలో నాలుగు సాయంత్రాలు బాబును, వంటను ఎవరు చూస్తారో, పరీక్షల నెలలో వచ్చే చుట్టాలకు ఎలా చెప్పాలో తేల్చుకోండి. జీతం నిలవాలని కోరిన అత్తగారు ఆ జీతంతోపాటు సాగే చదువుకు కొంత చేయూతనివ్వడం న్యాయమే, దీన్ని నెమ్మదిగానే అయినా స్పష్టంగా అడగండి.

అన్నిటికంటే ముందు, పదోన్నతికి దూరవిద్య ఎంబీఏ చెల్లుతుందో లేదో మీ హెచ్‌ఆర్ విభాగాన్ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు భద్రపరచుకోండి. చెల్లదంటే, ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్ రాసి రెగ్యులర్‌గా చేరే విషయం ఇంటి అప్పు భారం కాస్త తగ్గాక ఆలోచించవచ్చు.