ఎర్ర చీర ఇటుక రంగులో ఎందుకు కనబడుతోంది?

ప్రశ్న: మాది చిన్న చీరల షాపు. పోయినేడాది ఎల్‌ఈడీ లైట్లు వేయించాం. అప్పటినుంచి ఎర్ర చీరలు ఇటుక రంగులో ఉన్నాయంటూ కస్టమర్లు గుమ్మం దాకా పట్టుకెళ్లి ఎండలో చూసుకుంటున్నారు. లైట్లు రెట్టింపు చేసినా పెద్ద తేడా లేదు. కొటేషన్‌లో '20 వాట్ల ఎల్‌ఈడీ, తెల్లటి వెలుగు' అని ఉంది. ఈసారి ఏం రాయించుకోవాలి?

జవాబు: మీ కస్టమర్లు చేస్తున్నది సరైన పనేనండీ. మామూలు ఎల్‌ఈడీ అంటే నీలం కాంతినిచ్చే చిప్పు, దాని మీద పసుపు పూత. ఆ రెండూ కలిసి కంటికి తెలుపుగా తోస్తాయి కానీ అందులో ముదురు ఎరుపు చాలా తక్కువ. లైటులో లేని ఎరుపును చీర ఎక్కణ్నుంచి తెచ్చి చూపిస్తుంది? అలాంటివే ఇంకో పది తగిలించినా అంతే.

పైగా కన్ను వెలుగును కొలిచే మీటరులా లెక్కపెట్టదు. ఒక చోట పడే వెలుగుని లక్స్‌లలో కొలుస్తారు; నిండు వెన్నెల ఒక లక్స్ కూడా ఉండదు, మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా వెళ్తుంది, రెండింట్లోనూ ఇదే కళ్లతో నడుస్తున్నాం కదా, అంత తేడాను తట్టుకోవాలంటే పెరుగుదలను అది కుదించి చూడక తప్పదు. హార్వర్డ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త స్టీవెన్స్ చేసిన ప్రయోగాల లెక్కన, చీకట్లో చూపించిన వెలుగు రెట్టింపు అనిపించాలంటే దాన్ని ఎనిమిది రెట్లు చేయాలి.

ఇక కొటేషన్. వాట్లంటే లైటు తినే కరెంటు, ఇచ్చే వెలుగు కాదు. 'తెల్లటి వెలుగు' అనేదాన్ని కొలిచి తప్పని చూపించలేం, అలాంటి మాట కాగితం మీద ఉన్నా లేకపోయినా ఒకటే. 'లేదా అలాంటిదే' అన్న ముక్క ఉంటే ఏ విషయంలో అలాంటిదో కూడా రాయాల్సిందే.

మీకు అన్నిటికన్నా ముఖ్యం ఆర్9. డబ్బా మీద వేసే సీఆర్ఐ, అంటే ఆ లైటు కింద రంగులు ఎంత సహజంగా కనబడతాయో చెప్పే అంకె, ఎనిమిది లేత రంగుల సగటు, అందులో ముదురు ఎరుపు లేనే లేదు, దాని అంకె ఆర్9. సీఆర్ఐ 80 ఉన్న లైటుకి ఆర్9 సున్నా దగ్గర ఉండొచ్చు. అందుకని 'సీఆర్ఐ 90కి, ఆర్9 50కి తగ్గకూడదు' అని విడివిడిగా రాయించండి. వెలుగు రంగు 4000 కెల్విన్ (మరీ పసుపూ మరీ నీలమూ కాని తెలుపు), లైటుకీ లైటుకీ రంగులో తేడా 3 ఎస్‌డీసీఎం (ఆ తేడాను కొలిచే మెట్లు) లోపు. వెలుగు చీరలు పరిచే పరుపు మీద మీటరు పెట్టి కొలిస్తే 750 లక్స్ రావాలి, అదీ మొదటిరోజు కాదు, దుమ్ము పట్టాక కూడా. పెళ్లి చీరలకొచ్చే పెద్దవాళ్లనీ గుర్తుపెట్టుకోండి, అరవై ఏళ్ల కంటి లోపలికి చేరే వెలుగు ఇరవై ఏళ్ల కంటితో పోలిస్తే సుమారు మూడో వంతే.

సంతకం పెట్టేముందు ఒక్క లైటు తెప్పించి, రాత్రిపూట దాని కింద ఎర్ర చీరకి బ్లౌజు ముక్క మ్యాచింగ్ చేసి పక్కన పెట్టండి, తెల్లారాక అదే జతను గుమ్మంలో చూడండి. ఎండలో జత కుదరకపోతే ఆ లైటు వెనక్కి పంపేయండి.