అమ్మడికి అత్తయ్య రాసేది

నెల్లూరు

చి.ల.సౌ. అమ్మడికి అత్తయ్య ఆశీస్సులు.

మీ బళ్ళో గైడ్స్ కంపెనీ, అదే ఆడపిల్లల స్కౌట్ దళం, పెడుతున్నావని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. మన ఇంట్లో నా తర్వాత గైడ్ కెప్టెన్ అయ్యేది నువ్వే గదా, ఆ రోజంతా కనపడిన వాళ్ళందరికీ చెప్పుకున్నాను. కానీ అప్పుడే కావలిలో టైలర్‌ని మాట్లాడావట, యూనిఫాం డబ్బులు తెచ్చినవాళ్ళ పేర్లే రాసుకుంటున్నావట. అది విన్న కాడ్నించీ నాకు టెన్షన్‌గా ఉంది. ముందు ఆ పని ఆపు.

గైడ్ కెప్టెన్లకి ఇచ్చే బేసిక్ కోర్సు పూర్తి చెయ్యి. కంపెనీని జిల్లా ఆఫీసులో రిజిస్టర్ చేయించు. పెట్రోల్ అంటే కంపెనీలో ఒక చిన్న జట్టు, దానికి ఆరు నుంచి ఎనిమిది మంది చాలు. మిగతావన్నీ కోర్సులో వాళ్ళే చెబుతారు.

యూనిఫాం సంగతి మాత్రం నేను చెబుతాను, విను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నేను కొత్తపట్నం వైపు సముద్రం ఒడ్డు ఊళ్ళో పనిచేశాను. గైడింగ్ అక్కడే ఒక పెద్ద టీచరమ్మ దగ్గర నేర్చుకున్నా. ఆవిడ మంచి మనిషి, వాన పడితే పిల్లల్ని ఇళ్ళదాకా దిగబెట్టి వచ్చేది. యూనిఫాం దగ్గర మాత్రం పిసరంత తేడా ఒప్పుకునేది కాదు. జాలర్లుండే పట్టపుపాలెం నుంచి ఒక పిల్ల వచ్చేది. పడవ తాళ్ళ మధ్య పెరిగింది గదా, క్లోవ్ హిచ్ ముడి మేం చూపించకముందే చీకట్లో కూడా వేసేసేది.

ఇన్వెస్టిచర్ రోజు, అంటే ప్రతిజ్ఞ చేయించి గైడ్స్‌లో చేర్చుకునే రోజు, ఆ పిల్ల వాళ్ళమ్మ నైలాన్ చీర కత్తిరించి కుట్టిన గౌను వేసుకొచ్చింది. లేత నీలం ఉండాల్సింది నెమలికంఠం రంగు. అన్నీ చేతికుట్లే. చీర అంచు కనపడకుండా లోపలికి మడిచి, దగ్గర దగ్గరగా కుట్టారు. జిల్లా నుంచి గైడ్స్ పెద్ద, కమిషనర్, వస్తున్నారని టీచరమ్మకి భయం. "రంగు తప్పింది, సరైన బట్ట కుట్టించుకుని వచ్చేసారి రా" అని పిల్లని వరసలోంచి తీసేసింది. ఆ పిల్ల ఏడవలేదు. మిగతావాళ్ళు ప్రతిజ్ఞ చెప్పి, స్కార్ఫ్ వేయించుకుని, ఎడమచేత్తో షేక్‌హ్యాండ్ ఇస్తుంటే వేపచెట్టు కింద నిలబడి చివరిదాకా చూసింది. తర్వాత బడికైతే వచ్చింది గానీ గైడ్స్‌కి మళ్ళీ రాలేదు. మా విజిల్ వినపడితే బోరింగు వైపు నుంచి చుట్టూ తిరిగి ఇంటికి పోయేది. తోటి పిలకాయలకి ముడులు నేర్పాల్సిన పిల్ల అమ్మడూ అది! ఆ వచ్చిన కమిషనర్ బట్టల మాటే ఎత్తలేదు.

యూనిఫాం ఉన్నదే ఎవరు ఏ ఇంటి పిల్లో కనపడకుండా ఉండటానికి. 1907లో స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్‌సీ దీవిలో మొదటి క్యాంపు పెట్టినప్పుడు పెద్ద బళ్ళలో చదివే కలవారి పిల్లల్ని, కూలీనాలీ చేసుకునేవాళ్ళ పిల్లల్ని కలిపి తీసుకెళ్ళాడు. అప్పటికింకా ఈ యూనిఫాం లేదు. జట్టుకో రంగు ఉన్నిదారం ముడి భుజానికి కట్టారు. తోడేళ్ళ జట్టుకి నీలం, ఎద్దుల జట్టుకి ఆకుపచ్చ.

నువ్వూ స్కార్ఫుతో మొదలుపెట్టు. మూడు మూలల గుడ్డ, పెద్ద ఖర్చు కాదు. చెయ్యి విరిగితే మెడకి వేలాడదీసే కట్టు కూడా అదే. గౌన్లు నిదానంగా కుట్టించుకోవచ్చు. పెద్ద పిల్లలకి లేత నీలం సల్వార్ కమీజ్ పెట్టు, రూల్స్ ఒప్పుకుంటాయి. గౌను పొట్టిదయిందని మాన్పించే తల్లిదండ్రుల్ని చాలామందిని చూశాను. కొలతలు ఆడమనిషి చేతే తీయించు. అంచులో నాలుగు వేళ్ళ మడత వదలమను, పిల్ల ఎదిగేకొద్దీ విప్పుకోవచ్చు. బడి వదిలి వెళ్ళేవాళ్ళ బట్టలు అడిగి తీసుకుని, ఉతికించి పెట్టెలో దాచు. ఎవరికి పాతది ఇచ్చావో రెండో మనిషికి తెలియకూడదు.

రొట్టెల పండక్కి మా పిల్లలు బారాషహీద్ దర్గా దగ్గర సేవకి వెళ్ళేవాళ్ళు. ఒకసారి స్వర్ణాల చెరువు గట్టున తప్పిపోయిన చంటిది పోలీసుల్ని చూసి జడుసుకుని, మా పిల్ల స్కార్ఫు పట్టుకుని వాళ్ళమ్మ వచ్చేదాకా వదల్లేదు. జనానికి ఆ బట్ట మీద అంత నమ్మకం. నా భయం కూడా అక్కడే. ఆ నమ్మకాన్ని వాడుకోవాలని చూసేవాళ్ళు వస్తారు. ఫలానా నాయకుడు వస్తున్నాడు, యూనిఫాంలో రెండు వరసలు నిలబెట్టండి అని కబురొస్తుంది. మన ఎండలు నీకు తెలుసు, పిల్లలు కళ్ళు తిరిగి పడిపోతారు. హెడ్మాస్టర్ చెప్పినా సరే కుదరదని చెప్పు. కోపమొస్తే నా మీద చెప్పు, నేనొచ్చి మాట్లాడతా.

నువ్వూ ఎండలో టోపీ లేకుండా తిరగొద్దు. గ్రౌండ్ పని ఉందని మధ్యాహ్నం అన్నం మానేస్తున్నావేమో, అసలే బక్కదానివి.

మొదటి స్కార్ఫులకి బట్ట డబ్బులు నేను పంపిస్తాను. టైలర్‌కి ఇప్పుడే వద్దని చెప్పి, డబ్బులు కట్టినవాళ్ళ లిస్టు తీసేయ్. రేపు క్లాసులో, గైడ్స్‌లో చేరాలని ఎవరికి ఉందో చేతులెత్తమని వాళ్ళ పేర్లు రాసుకో. స్కార్ఫు ఏ రంగు కావాలో కూడా వాళ్ళనే అడిగి నాకు ఫోన్ చెయ్యి.

ఇట్లు,
మీ అత్తయ్య